ధర దిగేదాకా

టికెట్ల ఆఫీసు, మూడో అంతస్తు
చలికాలం నడుమ

వదినా,

క్షేమసమాచారాలు ఆఖర్న రాస్తాను, ముందు తిట్లు. పోయిన ఆదివారం రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి నువ్వెత్తి "మీ అన్నయ్య పడవ మీద ఉన్నారు" అన్నావు. రెండోసారి కూడా నువ్వే ఎత్తి "స్నానానికి వెళ్ళారు" అన్నావు. వెనకాల దగ్గు వినబడింది. స్నానాలగదిలోంచి దగ్గితే అంత దగ్గరగా వినబడుతుందా? పెళ్ళై ఇన్నేళ్ళైనా నీకు అబద్ధం ఆడటం రాలేదు వదినా.

అందుకే కాగితం తీశాను. నా సంగతి తెలిసిందేగా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని "నమస్కారం, మీ ప్రయాణం ఎక్కడికండీ?" అంటూ కూర్చుంటాను. గదికొచ్చాక ఫోన్ మోగితే చెవిలో జోరీగ దూరినట్టుంటుంది. కాగితమైతే మోగదు. మధ్యలో "హలో, వినబడుతోందా?" అని అరవదు.

ఎక్కడికి అని అడగడం కూడా దండగే. ఈ నెలల్లో అందరూ మీ ఊరికే. ఇక్కడ చలి మొదలైతే చాలు, జనానికి ఇసుక గుర్తొస్తుంది. ధరలు కొండెక్కి కూర్చున్నాయి. మొన్న ఒకాయనకి ధర చెప్పాను. ఆయన భార్యని అడిగి వచ్చేలోపు అది ఇంకో మెట్టెక్కింది. "ఏమ్మా, ఇందాక ఒకటి చెప్పావు, ఇప్పుడొకటి చెప్తున్నావు, మాటంటే మాట మీద ఉండక్కర్లేదా?" అని ఎగిరాడు. నేనేం చేసేది? విమానం అదే, సీటు అదే. ముందు కొన్నవాళ్ళకి చవక సీట్లు, అవి అయిపోయాక వచ్చినవాళ్ళకి వాత. ఆ మాటే చెప్పాను. "సముద్రం ఏమన్నా కొత్తగా తవ్వారా?" అని పెట్టేశాడు.

ఇన్నేళ్ళు ఈ కుర్చీలో కూర్చుని నేను నేర్చుకున్నది ఒక్కటే. ధర దిగేదాకా ఆగగలిగినవాడే గెలుస్తాడు. వానలు పడగానే మీ ఊరి టికెట్టు కాళ్ళ దగ్గరికొచ్చి పడుతుంది. అప్పుడొస్తాను. అన్నయ్య పడవ ఒడ్డున ఉంటుంది, నీకు దుప్పట్ల గోల ఉండదు. ముగ్గురం ఓ వారం తలుపులేసుకుని పడుకుందాం. నాకు సముద్రం కూడా అక్కర్లేదు, నిద్ర చాలు.

నేను బాగానే ఉన్నాను. అలసట తప్ప ఏమీ లేదు.

నీ ఆడపడుచు


హోటల్, దుప్పట్ల గది
చలి తగ్గుతున్న రోజులు

అమ్మాయ్,

నీ తిట్లు అందాయి. ఇకమీదట ఉత్తరాలు ఇంటికి కాదు, హోటల్‌కి రాయి. దుప్పట్ల గది అని రాస్తే చాలు, గేటు దగ్గరాయన తెచ్చిస్తాడు. ఇంటికి రాస్తే మీ అన్నయ్య ముందు చదివేస్తున్నారు. వదినా మరదళ్ళం ఆయన గురించి నాలుగు మాటలు అనుకునే వీలైనా ఉండాలి కదా.

నువ్వు టికెట్లమ్మి పంపిన జనం పడుకుని లేచిన దుప్పట్లు నా దగ్గరికొస్తాయి. మనిద్దరిదీ ఒకటే వ్యాపారం, నువ్వు ఆ చివర, నేను ఈ చివర. పొద్దున గదులు ఖాళీ అవగానే మూటలు మూటలుగా దిగుతాయి. ఏ దుప్పటి దులిపినా గుప్పెడు ఇసుక. ఎండకి పూసుకునే క్రీము మరకలు ఏ సబ్బుకీ లొంగవు. మధ్యాహ్నానికి మెషిన్ మొరాయిస్తుంది, సాయంత్రానికి నేను. ఈ మధ్య వచ్చిన మేనేజరు తువ్వాళ్ళని హంసల్లా మడిచి మంచాల మీద పెట్టమన్నాడు. నడుము వంగని వయసులో హంసలు చేస్తున్నాను. వచ్చినవాళ్ళు వాటితోనే కాళ్ళు తుడుచుకుంటున్నారు.

మీ అన్నయ్య ఫోన్‌కి రానిది నీ మీద కోపంతో కాదు. అబద్ధం ఆడినమాట నిజమే. గొంతు బాగా బొంగురుపోయింది. చలి మొదలైనప్పటి నుంచీ ఉంది. ఆ పాత మైకు పట్టుకుని, గాలికి ఎదురు నిలబడి, రోజుకి ఆరుసార్లు ఆ రాళ్ళ కథలూ చేపల కథలూ చెప్పాలాయె. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటూ ఆ నోటితోనే మమ్మల్ని ఇంతకాలం నెట్టుకొచ్చారు. డాక్టరు మాట తగ్గించమన్నాడు. తగ్గిస్తే నా పడవ ఎవరెక్కుతారు, పక్క పడవవాడు ఎగరేసుకుపోడూ, అని ఈయన. పగలంతా ఊళ్ళోవాళ్ళతో మాటలు, ఇంటికొచ్చాక నాతో సైగలు. మొన్న సైగ అర్థం కాక ఉప్పు అడిగితే గొడుగిచ్చాను.

నువ్వు వానల్లో వస్తానంటున్నావు. వద్దు. వానల్లో ఇక్కడేముంది, తలుపులకి బూజు తప్ప. ఇప్పుడు రా. సెలవు దొరక్కపోతే రెండు రోజులకే రా. ఒక్కసారికి ధర చూడకు.

మీ వదిన


టికెట్ల ఆఫీసు
పిల్లల పరీక్షల రోజులు

వదినా,

ధర చూడకు అని ఎవరికి చెప్తున్నావు? వంటవాడికి ఉప్పు చూడొద్దని చెప్పినట్టుంది. రోజంతా నా కళ్ళముందు కదిలేవి ఆ అంకెలే. కళ్ళు మూసుకున్నా ఎక్కుతూ దిగుతూ కనిపిస్తాయి.

నిజానికి చలి అయిపోయి పిల్లలు పరీక్షలు రాసే ఈ కొద్దివారాలూ ధర కాస్త తలొంచుతుంది. ఎవరికీ చెప్పని రహస్యం ఇది, నా కోసం దాచుకుంటాను. ఈసారి అప్పుడే వద్దామని లోలోపల అనుకున్నాను కూడా. ఇంతలో పక్క సీటు అమ్మాయి పురిటికి వెళ్ళింది. ఆవిడ ఫోన్లు కూడా నా నెత్తినే పడ్డాయి. మేనేజరు దగ్గరికి సెలవు మాట ఎత్తుకుని వెళ్తే, "మీరు లేకపోతే ఆఫీసు పడుకుంటుందమ్మా" అన్నాడు. పొగిడాడో ఉరేశాడో తెలియలేదు. బయటికొచ్చి మళ్ళీ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను.

ఇక ఇప్పుడు బడి సెలవులు మీద పడుతున్నాయి. మళ్ళీ ధరలకి రెక్కలు. అమ్మబోతే అడవి కొనబోతే కొరివి అన్నట్టు, వానల్లో బతిమాలి అంటగట్టే ఆ టికెట్టే ఇప్పుడు ముట్టుకుంటే కాలుతోంది. నా జీతానికి అది అందదు వదినా. అందినా చెయ్యి రాదు. రోజంతా "ఇప్పుడు కొనకండి, కాస్త ఆగండి" అని లోపల అనుకుంటూ పైకి "తప్పకుండా అండీ" అంటూ అమ్మేదాన్ని, నేనే వెళ్ళి ఆ ధరకి కొంటే నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

ఇక్కడ ఒక ముసలాయన ఉన్నాడు. ఏటా సరిగ్గా వానల్లోనే మీ ఊరికి టికెట్టు కొంటాడు. "వానండీ, సముద్రంలోకి దిగనివ్వరండీ" అంటే, "ఎలాగూ తడవడానికే కదమ్మా వెళ్ళేది" అంటాడు. నేనూ ఆయన జట్టే.

అన్నయ్యని వేడినీళ్ళు పుక్కిలించమను. ఆ పక్క పడవవాడితో పోటీపడి అరవద్దని నేను చెప్పానని చెప్పు. సీజన్ అయిపోతే గొంతు దానంతటదే వస్తుంది. ఏటా ఉండేదేగా.

నీ ఆడపడుచు


హోటల్, దుప్పట్ల గది
బడి సెలవులు మొదలు

అమ్మాయ్,

ఏటా ఉండేది కాదు.

నిన్న నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వొచ్చే చోట కూడా నవ్వు రాలేదు. ఈ గదిలో కిటికీ లేదు, ఆవిరికి కాగితం మెత్తబడిపోతోంది, ఇస్త్రీ బల్ల మీద పెట్టి రాస్తున్నాను. హోటల్ కిటకిటలాడుతోంది. ఒక్కో గదిలో నలుగురేసి, ఎక్స్‌ట్రా పరుపులు, ఎక్స్‌ట్రా దుప్పట్లు. పిల్లలు పక్కలు తడుపుతారు, తల్లులు చెప్పకుండా మడిచి పెడతారు. వాళ్ళని తప్పు పట్టను. సెలవుకి వచ్చి కూడా ఆ తల్లులు అలాగే అలిసిపోయి ఉంటారు.

మీ అన్నయ్య రోజుకి ఆరు ట్రిప్పులు ఎనిమిది చేశారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు. ఆ మాట ఆయన నోట వినలేక వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

కొన్ని నేను రాయలేను. రాయనని మాటిచ్చాను, ఇంతకంటే నన్నడగకు. కానీ ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నాను, తర్వాత చెప్పలేదని నన్ననకు. ఈ సెలవులు అయిపోయాక వస్తే మీ అన్నయ్య నీతో మాట్లాడరు. ఎంత బతిమాలినా మాట్లాడరు. వచ్చేదుంటే ఈలోపే రా.

మీ వదిన


టికెట్ల ఆఫీసు
సెలవుల మధ్యలో

వదిన గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. అన్నయ్య గారు నాతో మాట్లాడరన్న సంగతి ముందుగా తెలియజేసినందుకు సంతోషం. కబురు మీచేత పంపించారు, అది ఇంకా సంతోషం.

ఆయన పడవ కొని నీళ్ళలోకి దించిన రోజున నేను రాలేదు. అప్పుడూ సీజనే. అప్పుడూ టికెట్టు ఆకాశంలోనే ఉంది. దానికి ఏడాది పొడుగునా నాతో మాట్లాడలేదు. నేను ఫోన్ చేస్తే మీకిచ్చేసి బయటికి వెళ్ళిపోయేవారు. గుర్తుందా మీకు? నాకు బాగా గుర్తుంది. ఏడాదీ ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒకరోజు ఏమీ జరగనట్టు ఫోన్ చేసి, "ఏం తిన్నావే?" అన్నారు. నేనూ ఏమీ జరగనట్టే చెప్పాను.

ఈసారి ముందే హెచ్చరిక వచ్చింది. ఫలానా తేదీ లోపల రాకపోతే మాట బంద్. మా విమానాలవాళ్ళు కూడా ఇలాగే గడువులు పెడతారు. వాళ్ళ ముందు రోజంతా తల ఊపి ఊపి మెడ పడిపోయింది, ఇంట్లోవాళ్ళ ముందు కూడా ఊపే ఓపిక నాకు లేదు.

మాట్లాడకపోతే మాననీయండి. ఆయన అలక తీర్చడానికి నా దగ్గర సెలవూ లేదు, డబ్బూ లేదు. వానల్లో కూడా రాను. మీకు శ్రమ తప్పింది.

ఇట్లు
మీ ఆడబిడ్డ


హోటల్, దుప్పట్ల గది
సెలవుల చివరి వారాలు

ఒసే పిచ్చిదానా,

నన్ను "గారు" అన్నావు. "నమస్కారములు" అన్నావు. ఇన్నేళ్ళలో నా మీద చెయ్యి చేసుకున్నా ఇంత నొచ్చుకునేదాన్ని కాదు. రెండు రోజులు పనిలో ఒకటి బదులు ఇంకొకటి చేశాను, తువ్వాలు వెయ్యాల్సిన చోట పరుపుగుడ్డ వేశాను. తర్వాత నాకు తట్టింది. తప్పు నీది కాదు, నేను రాసిన మాటది.

మాట్లాడరు అన్నాను. అలిగి మాట్లాడరు అనుకున్నావు. ఎవరైనా అదే అనుకుంటారు, మనవాళ్ళలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు కదా. నేను రాసింది ఉన్నదున్నట్టు. మాట్లాడరంటే మాట్లాడలేరే. మాట ఉండదు.

గొంతులో గడ్డ. మంచి గడ్డ కాదు. స్వరపేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతారన్నాడు డాక్టరు. చలికాలంలోనే తీసేస్తానన్నాడు. ఈయన కాళ్ళావేళ్ళా పడ్డారు, సెలవుల సీజన్ ఒక్కటీ గడవనివ్వండి, ఆ మాటలే నా కూడు, తర్వాత మీ ఇష్టం అని. డాక్టరు తిట్టిన తిట్లు నేను పక్కనే ఉండి విన్నాను. సెలవులయ్యేదాకా మాత్రం గడువిచ్చాడు. సెలవులు ముగిసే ఆదివారం ఆఖరి ట్రిప్పు. సోమవారం పొద్దున్నే ఆస్పత్రి. ఆ తర్వాత మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి. ఎప్పటికో ఒక మెషిన్ పెట్టుకుంటే ఏదో శబ్దం వస్తుందట. ఆయన గొంతు మాత్రం మళ్ళీ రాదు.

నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. "అది ఆ మండే ధరకి టికెట్టు కొనుక్కుని పరిగెత్తుకొస్తుంది, దాని ఉద్యోగం పోతుంది. వానల్లో వస్తానంది కదా, రానీ" అన్నారు. ఇదీ నీ అన్నయ్య అలక. ఒట్టు తీసి గట్టున పెట్టాను, ఆ పాపం నేను పడతాను.

పొద్దున లేవగానే కాస్త గొంతుంటుంది. మధ్యాహ్నానికి ఇసుక రాసినట్టవుతుంది. సాయంత్రానికి ఏమీ మిగలదు. ఫోన్ చేయకు, నీ గొంతు వింటే ఆ కాస్తా ఖర్చుపెట్టేస్తారు. మనిషివే రా.

నేను నిన్నేమీ అనను. నాకు ఎవరినీ ఏమీ అనే ఓపిక లేదు.

వదిన


విమానాశ్రయం, గేటు దగ్గర కుర్చీ
ఆదివారం

వదినా,

ఈ ఉత్తరం నేను చేరాకే నీకు చేరుతుంది. తెలిసే రాస్తున్నాను, చేతులు ఊరుకోవడం లేదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కవరు మీద నీ రాత చూసి, కోపంతో విప్పకుండా సొరుగులో పడేశాను. నిన్న స్టాప్లర్ కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. ఆఫీసులోనే విప్పాను. చెవిలో ఎవరో "మేడమ్, కిటికీ సీటు ఉందా?" అని అడుగుతున్నారు.

మేనేజరు సెలవు లేదన్నాడు. హెడ్‌ఫోన్ తీసి ఆయన బల్ల మీద పెట్టి, "అయితే మీరే మాట్లాడండి" అన్నాను. ఒకటిన్నర రోజు ఇచ్చాడు.

నవ్వకు. ఇవాళ మీ ఊరికి వచ్చే విమానం సగం ఖాళీ. సెలవులు అయిపోయాయిగా, వెళ్ళేవాళ్ళెవరూ లేరు. అందరూ తిరిగొచ్చేవాళ్ళే. అందుకని రేపటి తిరుగు టికెట్టు నా నెల జీతం మింగేసింది. బేరం చూడకుండా కొన్నాను. కొనేటప్పుడు ఏ బాధా కలగలేదు, ఇన్నాళ్ళు ఎందుకు కొనలేదా అన్న బాధ తప్ప.

నేరుగా రేవుకే వెళ్తాను. ఆఖరి ట్రిప్పు అందుతుందో లేదో. ఆలస్యం అమృతం విషం అని ఎవరన్నారో గానీ, వాళ్ళు నాలాంటిదాన్ని చూసే అని ఉంటారు.

పిలుస్తున్నారు.


హోటల్, దుప్పట్ల గది
వానలు

అమ్మాయ్,

ఆపరేషన్ బాగా జరిగిందన్న మాట నువ్వు వరండాలో ఉండగానే విన్నావు. ఆ తర్వాతివి చెప్తాను. ఇంటికి తెచ్చేశాం. మెడకి చిన్న గుడ్డ అడ్డం కట్టుకుంటారు. నిద్రలో ఊపిరి శబ్దం కొత్తగా ఉంది, అలవాటవుతోంది. గడ్డ మొత్తం పోయిందన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదు. అది ముందు రాయాలి కదా, రాశాను.

నువ్వన్నట్టే అయింది. ధర దిగిందటగా. అయినా వచ్చేవాళ్ళు లేరు. మొత్తం హోటల్‌కి మూడు గదుల్లో మనుషులు. నీ ముసలాయన వచ్చాడేమో చూశాను, ఎవరో ఒకాయన గొడుగేసుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. పనివాళ్ళలో సగం మందిని మేనేజరు ఇంటికి పంపేశాడు. నన్ను ఉంచాడు, దుప్పట్లకి బూజు పట్టకుండా రోజూ మడతలు మార్చాలి. జనం ఉన్నప్పుడు జనం వల్ల అలసట. జనం లేనప్పుడు ఎందుకో తెలియని అలసట.

నిన్నొకటి అడగాలి. ఆ ఆదివారం సాయంత్రం మీరిద్దరూ ఇంటికొచ్చేసరికి ఆయన నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. పొద్దున లేవగానే కాస్త వస్తుందిగా, అప్పుడు దానితో మాట్లాడతాను అని నాకు సైగ చేసి పడుకున్నారు. పొద్దున కూడా రాలేదు. ఆస్పత్రి బండి వచ్చేసింది. నీ చెయ్యి పట్టుకుని ఎలా చూశారో నువ్వూ చూశావు.

ఇప్పుడు ఆయనకి ఒక పలక కొన్నాం. అన్నీ దాని మీదే. అన్నం, నీళ్ళు, ఫ్యానెయ్యి. మిగతా సమయమంతా ఒకటే రాస్తారు. "ఊరందరితో మాట్లాడాను. చెల్లితో ఒక్క మాట మాట్లాడలేదు." రాస్తారు, చెరుపుతారు, మళ్ళీ అదే రాస్తారు. ముద్ద మింగడం లేదు. గాయం వల్ల అనుకుంటున్నారు డాక్టర్లు. నాకు తెలుసు దేనివల్లో. అమ్ముకున్న గొంతు అంతా పరాయివాళ్ళకే పోయిందని కుమిలిపోతున్నారు. పడవ అమ్మేస్తానని కూడా రాశారు.

ఆ పడవ మీద మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. నేను దుప్పట్లలో ఉన్నాను. ఆయన్ని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. నీకేమన్నా గుర్తుంటే రాయి. ఓదార్పు మాటలు వద్దు, అవి నేను రోజూ చెప్తూనే ఉన్నాను. జరిగింది రాయి.

వదిన


టికెట్ల ఆఫీసు
వానలు

వదినా,

జరిగిందే రాస్తాను. నాకు కల్పించే శక్తి కూడా లేదు.

రేవుకి చేరేసరికి ఆఖరి పడవ నిండుతోంది. అన్నయ్య ముందు వైపు, జనానికి వీపు పెట్టి తాడు విప్పుతున్నాడు. నేను కౌంటర్లో టికెట్టు కొనుక్కుని, వరసలో నిలబడి, అందరితోపాటే ఎక్కాను. ఖాళీ ఉన్నది వెనక మూల ఒక్కటే. పక్కన తడిసిన పిల్లలూ, వాళ్ళ మీద అరుస్తున్న తండ్రీ.

పడవ కదిలాక మైకు పట్టుకుని ఇటు తిరిగాడు. అప్పుడు చూశాడు నన్ను. మాట ఆగిపోయింది. జనం మైకు పాడైందనుకున్నారు. ఆ తండ్రి, "బ్యాటరీ చూసుకోవయ్యా!" అని అరిచాడు కూడా. అన్నయ్య ఇంకో నిమిషం నన్నే చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

నా కోసం ఒక్క మాట కూడా మార్చలేదు వదినా. అదే లైటుహౌసు కథ. పడుకున్న గేదెలా ఉండే ఆ రాయి దగ్గర అదే జోకు, "పాలు మాత్రం పితకలేమండీ" అని. ఆ జోకు నేను ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ నవ్వలేదు, ఆ రోజూ నవ్వలేదు. గొంతు ఎలా ఉందంటే, అరిగిన చెప్పు నేల మీద ఈడ్చినట్టుంది. సగం మాటలు గాలికి పోయాయి. జనం ఫోటోలు తీసుకుంటున్నారు, ఎవరూ వినడం లేదు. నేనొక్కదాన్నే విన్నాను. రోజూ చెవులు అద్దెకిచ్చుకుని బతికేదాన్ని, ఆ ఒక్క గంట మాత్రం నా కోసం విన్నాను. మైకు లాగేసి, "చాలు ఆపు, ఆ మిగిలింది నాకివ్వు" అని అరవాలనిపించింది. అరవలేదు. అది ఆయన పని, ఆఖరి రోజు. మధ్యలో ఆపితే ఆయన తట్టుకోలేడు.

ఇక అసలు మాట. పడవ రేవుకి ఆనాక అన్నయ్య మైకు కింద పెట్టేసి, అంచు దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి దించాడు. అందరికీ అదే మాట. "జాగ్రత్తగా దిగండి." ముసలమ్మకీ అదే, తిట్టిన ఆ తండ్రికీ అదే. "జాగ్రత్తగా దిగండి. జాగ్రత్తగా దిగండి." పోనుపోను గొంతు సన్నబడి గుసగుస అయిపోయింది. ఆ తండ్రి చంకలో ఉన్న నాలుగేళ్ళ పిల్లకి కూడా "దిగండి" అన్నాడు. వెనక మూలనున్నదాన్ని కాబట్టి నేనే ఆఖరు.

నా చెయ్యి పట్టుకున్నాడు. "జాగ్రత్తగా దిగు" అన్నాడు.

పడవెడు జనానికి "దిగండి" వదినా. నాకు "దిగు". ఆ రోజు ఎనిమిది ట్రిప్పుల్లో ఎన్ని వందలమందిని దించాడో, ఒక్కరితోనైనా ఆ మాట అని ఉంటాడా? అలవాటుగా అనేశాడు కాబట్టి ఆయనకి గుర్తు లేదు. సొంతవాళ్ళతో అనే మాటలు ఎవరికి గుర్తుంటాయి? చిన్నప్పుడు గోడ మీంచి దించినప్పుడూ నాతో అలాగే అన్నాడు, పెద్దయ్యాక బస్సులోంచి దించినప్పుడూ అలాగే అన్నాడు. నేను ఏనాడూ లెక్కచేయలేదు. ఈసారి మాత్రం చెవికి పట్టింది. ఆ తర్వాత ఆయన నోటి నుంచి ఇంకే మాటా రాలేదు, నాతోగానీ ఇంకెవరితోగానీ.

ఆస్పత్రి వరండాలో నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెప్తే ఏడుస్తానని చెప్పలేదు. విమానంలో కూర్చున్నాక ఏడ్చాను. పక్క సీటులో ఆవిడ, టికెట్టుకి అంత పోసి కొన్నందుకు ఏడుస్తున్నాననుకుంది కాబోలు, "ఈ ధరలు దారుణమండీ" అంది.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి చదవమను. పలక మీద ఆ మాట ఇక రాయొద్దను, అది అబద్ధం. అన్నయ్య నాతో మాట్లాడాడు.

నీ ఆడపడుచు